జరిగాక రమ్మన్నారు

ధర్మేంద్ర కత్తి పట్టుకోబోతున్నాడని తల్లి నీలవేణికి ముందే తెలుసు. తెలిసి ఊరుకోలేదు కూడా. ఇప్పటికీ ఆమెను తినేస్తున్నది అదే.

వాళ్లది సముద్రం ఒడ్డున పేట. భర్త అప్పలసూరి బోటు పనికి గుజరాత్ వెళ్లి ఏడు నెలలైంది. పొద్దున్నే పడవలు తెచ్చిన కవళ్లో నెత్తళ్లో, ఏ చేపలు దొరికితే అవి తట్టలో వేసుకుని, ఆటోలో శ్రీకాకుళం వెళ్లి వీధులు తిరిగి అమ్ముతుంది నీలవేణి. ధర్మేంద్రకి పదిహేడేళ్లు, శ్రీకాకుళంలోనే ఇంటర్ రెండో సంవత్సరం. కూతురు ఝాన్సీ తొమ్మిదో తరగతి.

ఏడాదిగా ధర్మేంద్ర శివాజీ అనేవాడి వెనక తిరుగుతున్నాడు. శివాజీకి ముప్పై ఏళ్లుంటాయి. స్థలాల తగాదాలు తీరుస్తానంటాడు. పది మంది కుర్రాళ్లని బైకులెక్కించి ఎవరి గేటు ముందైనా నిలబెడితే ఆ తగాదా తీరిపోతుంది. కుర్రాళ్లకి బిర్యానీ, ఒకే రంగు టీషర్టులు, "వీళ్లు నా తమ్ముళ్లు" అనే మాట. ఆ మాట కోసం ప్రాణం పెట్టేవాడు ధర్మేంద్ర.

సోమవారం వాడు స్నానానికి వెళ్లినప్పుడు ఝాన్సీ వాడి ఫోను తెచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"అమా, ఆమదాలవలస నుంచి వొచ్చే యుగంధర్ అనే గుంటడిని కొడతారట. గురువారం కాలేజీ ఇడిసాక, వంతెన కింద. అన్న కత్తి తెస్తానన్నాడు."

"ఆ గుంటడు ఏటి సేసినాడే?"

"శివాజీ రీల్ కింద నవ్వు బొమ్మ ఎట్టినాడట."

నీలవేణికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కొడుకుని నిలదీసింది. "నీకేటి తెలుసని? సెల్లి సెప్పిందని నా మీదికొచ్చేస్తావేటి?" అని వాడు ఫోను లాక్కుని వెళ్లిపోయాడు. భర్తకి ఫోను చేస్తే కలవలేదు. బోటు సముద్రంలో ఉంది.

మంగళవారం చేపల తట్ట గేటు దగ్గర దించి పోలీసు స్టేషన్లోకి వెళ్లింది.

"ఎవర్నైనా కొట్టారా?" అని అడిగాడు కానిస్టేబులు.

"ఇంకా నేదు బాబూ. గురువారం కొడతారు."

"కొట్టనిదానికి కేసేటి రాయమంటావు? జరిగితే రా."

"జరిగితే రాడానికి నానెందుకు బాబూ? అంబులెన్సే వస్తాది."

ఆయన నవ్వాడు. చేపలు ఎండకి పాడైపోతాయి, వెళ్లమన్నాడు. అక్కణ్నుంచి కాలేజీకి వెళ్లింది. గేటు లోపల జరిగేదే తమ బాధ్యత, వంతెన కింద జరిగేదానికి తామేం చేస్తామన్నారు.

బుధవారం అమ్మకం మానేసి ఆమదాలవలస వెళ్లింది. యుగంధర్ తండ్రిది ధాన్యం వ్యాపారం. ఎవర్ని అడిగినా ఇల్లు చెప్పారు. తల్లి కుసుమకుమారి గుమ్మం దగ్గరే నిలబెట్టి విన్నది.

"మావాడు అలాంటి వాళ్లతో మాట్లాడనే మాట్లాడడు. నీ కొడుకుని నువ్వు సరిజేసుకో. ఇంటికొచ్చి బెదిరిస్తన్నావేటి?"

"బెదిరించడానికి కాదమ్మా. రేపొక్క రోజు మీవోడిని కాలేజీకి పంపొద్దు. నీ కాళ్లట్టుకుంటాను."

"రేపు వాడికి పరీక్ష ఉంది," అని కుసుమకుమారి తలుపు వేసుకుంది.

ఇంక అడగడానికి ఎవరూ మిగల్లేదు. గురువారం నీలవేణి తానే వంతెన కిందికి వెళ్లింది. నాగావళి ఇసుకలో పదిమంది కుర్రాళ్లు, ఎదురుగా యుగంధర్, వాడి స్నేహితులిద్దరు. ఎంత చిన్నగా ఉన్నారో అందరూ! ఒకడికి మీసం కూడా రాలేదు. ఆమె తోసుకుంటూ వెళ్లి కొడుకు కాలరు పట్టుకుంది, రెండు చెంపలూ వాయించింది, నడుం దగ్గర కాగితంలో చుట్టి పెట్టిన కత్తి లాగి నీళ్లలోకి విసిరేసింది. అందరి ఫోన్లూ పైకి లేచాయి. గట్టు మీద బైకెక్కి కూర్చున్న శివాజీ నవ్వాడు.

"ఎల్లిపోరా ధర్మా, మీ యమ్మ కొంగట్టుకుని ఎల్లిపో."

కుర్రాళ్లంతా నవ్వుతూ చెదిరిపోయారు. ఆటోలో కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, నాలుగు రోజుల్లో మొదటిసారి ఊపిరి పీల్చుకుంది నీలవేణి.

సాయంత్రానికి ఆ వీడియో పాట కలిపి పేటలో ప్రతి ఫోనులోకీ వచ్చింది. ధర్మేంద్ర అన్నం ముట్టలేదు.

"నవ్వనీరా, రెండ్రోజుల్లో మర్సిపోతారు," అంది నీలవేణి.

వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం శ్రీకాకుళం బస్టాండు బయట, ఇంటికి బస్సెక్కడానికి వస్తున్న యుగంధర్‌కి రెండు బైకులు అడ్డంగా వచ్చి ఆగాయి. రెండు దెబ్బలు కొట్టి వదిలేద్దామనే అనుకున్నామని మిగతా వాళ్లు తర్వాత చెప్పారు. అందరికంటే ముందు దూకినవాడు, కత్తి తీసినవాడు ధర్మేంద్ర. యుగంధర్ చెయ్యి అడ్డం పెట్టాడు. మొదటి పోటు ఆ చేతి మీద, తర్వాతివి రెండూ పొట్టలో.

నీలవేణి ఆసుపత్రికి పరుగెత్తింది. వరండాలో కుసుమకుమారి ఆమెను చూసి లేచి, రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"చెప్పినావు కదే! నా ఇంటికొచ్చి చెప్పినావు కదే! నా మొహాన ఉమ్మేసైనా నమ్మించకపోయినావేటే!"



"ముందే తెలిసీ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు స్టేషన్లో ఎస్సై. ఆమె పక్క బల్ల దగ్గరున్న కానిస్టేబుల్ని చూపించింది. ఆయన తలెత్తకుండా, "రాసి ఏమీ ఇవ్వలేదు సార్," అన్నాడు.

ఇప్పుడు రాసి ఇచ్చింది. ఆమె చెబుతుంటే ఝాన్సీ మూడు పేజీలు రాసింది, శివాజీ పేరుతో సహా. శివాజీ అప్పుడు అక్కడ లేడన్నారు. ఫోన్లలో మెసేజీలన్నీ చెరిపేశారు. కాయితం వెనక్కి తీసుకోమని పేట పెద్దలు పిలిచి చెప్పారు, లేకపోతే మిగతా పిల్లల పేర్లు కూడా బయటికొస్తాయని. పక్కింటి గురమ్మ మాట్లాడటం మానేసింది, ఆమె మనవడూ ఆ బైకుల మీదే తిరిగేవాడు. నీలవేణి కాయితం వెనక్కి తీసుకోలేదు. దాని వల్ల ఏమీ జరగలేదు కూడా.

యుగంధర్ బతికాడు. కుడిచేతి వేళ్లు మూడు ముడుచుకోవు. ధర్మేంద్రని విశాఖలో బాలుర హోంకి పంపారు.

రెండో నెలలో చూడ్డానికి వెళ్లింది నీలవేణి. వాడు సన్నబడ్డాడు. జుట్టు పొట్టిగా కత్తిరించారు.

"తింటన్నావేట్రా?"

"ఆఁ."

"ఆ గుంటడు రాయలేకపోతన్నాడ్రా. ఎడం సేత్తో నేర్సుకుంటన్నాడంట."

వాడు నేల చూపులు చూశాడు. "అమా, శివాజీ అన్న ఏటైనా కబురెట్టినాడా?" అన్నాడు.

నీలవేణి ఒళ్లంతా మండిపోయింది. "ఏటి కబురు? ఆడు ఏరే గుంటల్ని బైకులెక్కించుకుని తిరుగుతన్నాడు. నీ పేరైనా తలుసుకుంటన్నాడా?"

"నాకు లాయర్ని ఎడతానన్నాడు. అన్న మాటంటే మాటే."

"ఆడి మీద నాను కాయితం ఎట్టినాన్రా."

వాడు తలెత్తి ఆమె వైపు చూశాడు. వంతెన కింద చెంపదెబ్బలు తిన్నప్పుడు కూడా అలా చూడలేదు.

"అందుకే రానేదన్నమాట," అన్నాడు. లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఇంకా పావుగంట టైముంది. వాడు మళ్లీ వస్తాడేమోనని, గార్డు వచ్చి లెమ్మనే దాకా ఆమె ఆ బల్ల మీదే కూర్చుంది.