హార్మోనియం మీద పదోవంతు

1993 జూన్ 27, ఆదివారం. చింతచిగురూ, ఎండురొయ్యలూ. జ్ఞానానందం మాస్టారు ఆ తేదీని మరిచిపోలేదు. ఆ కూరనూ మరిచిపోలేదు, ఎందుకంటే సగం తిని లేచాడు. పక్కింటి వెంకటరత్నమ్మ పంపిన కూరను ఆయన వదిలెయ్యడం అదే మొదలు.

తింటూ ఏదో ఒకటి చదవడం భార్య దేవకుమారి పోయాక పట్టుకున్న అలవాటు. ఆ రోజు చేతికందింది చర్చి వారి వార్షిక నివేదిక. పదకొండో పేజీలో తన పేరు కనబడింది. జీతం మీద ఇచ్చిన కానుక ఒక వరసలో ఉంది. దాని కిందే ఇంకో వరస: “హార్మోనియం పనిపై దశమభాగము, రూ. 412.”

మాస్టారు తెనాలి హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. దేవకుమారి పోయిన కొత్తల్లో ఆదివారం సాయంత్రాలు ఎంతకీ కదిలేవి కావు. చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చిన పని గుర్తు తెచ్చుకుని, పాత హార్మోనియంలు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. రేపల్లె చర్చి వాళ్ళు పిలిచినా, బాపట్ల భజన సమాజం వాళ్ళు పిలిచినా సంచి తగిలించుకుని రైలెక్కేవాడు. తిత్తికి తోలు అంటించి, మూగబోయిన మెట్టును పలికించి వస్తే ఒక్కో పెట్టెకు ముప్పయ్యో నలభయ్యో చేతిలో పెట్టేవారు. ఇల్లు చేరగానే అందులో పదోవంతు హార్లిక్సు డబ్బాలో పడేది. అది దేవకుమారి పెట్టిన నియమం. మొన్న మార్చి నెలాఖరున డబ్బా తీసుకెళ్ళి సంఘం కోశాధికారి మత్తయి ముందు బోర్లించాడు. మత్తయి చాదస్తుడు, దేని వరస దానికి వేశాడు.

చిక్కల్లా ఏమిటంటే, మొన్న గురువారమే మాస్టారు ఇన్‌కంటాక్స్ ఫారం మీద సంతకం పెట్టాడు. సోమవారం ఆఫీసులో ఇవ్వాలి. అందులో హార్మోనియం మాటే లేదు. ఫారం నింపింది వెంకటరత్నమ్మ భర్త పున్నారావు. రేపల్లె రైసుమిల్లులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి వచ్చినవాడు.

“అదీ ఒక ఆదాయమేనా మాస్టారూ? చేతిలో పడింది, చేతిలోంచే పోయింది. చూసిందెవరు?” అన్నాడు ఆ రోజు.

ఆ మాట నమ్మి సంతకం పెట్టినప్పట్నుంచీ మాస్టారు రాత్రి మూడేసి సార్లు లేచి తలుపు గడియ చూసుకుంటున్నాడు.

ఎంగిలి చెయ్యి కడిగి, నివేదిక పట్టుకుని పక్కింటికి వెళ్ళాడు. పున్నారావు కళ్ళజోడు పెట్టుకుని చదివి, వాసాల వంక చూస్తూ పెదాలు కదిపాడు.

“నాలుగువేల నూట ఇరవై,” అన్నాడు మాస్టారు.

“లెక్కల మాస్టారివి, చెప్పకుండా ఉండలేవు.” పున్నారావు కళ్ళజోడు తీశాడు. “దొంగలెక్కలు రాసేవాళ్ళని ముప్పై ఏళ్ళు చూశాను. దొంగలెక్కకి రసీదు అచ్చేయించుకున్న వాణ్ణి ఇప్పుడే చూడ్డం. ఎన్ని కాపీలు?”

“మూడొందలు.”

“మీ సంఘంలో టాక్సాఫీసు వాళ్ళు లేరు గదా?”

మాస్టారు నివేదిక వెనక్కి తీసుకున్నాడు. “వరప్రసాదం. చర్చిలో మొదటి బల్ల. నివేదిక అట్ట నుంచి అట్ట దాకా చదివి, తప్పులు ఎర్రసిరాతో దిద్ది మత్తయికిస్తాడు.”

“అయితే ఇంకేం, కలెక్టరుగారిక్కూడా ఓ కాపీ పంపకపోయావా?”

“కొత్త ఫారం రాయండి అన్నగారూ. ఉన్నదున్నట్టు రాసిచ్చేద్దాం.”

“పెన్షన్ ముందు పెట్టుకునా? అంతకుముందేడు మాటేంటని అడిగితే?”

“అంతకుముందేడు దేవకుమారి ఉంది. ఆదివారాలు నాకు హార్మోనియంలతో పనేంటి?”

పున్నారావు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. లోపలికి వెళ్ళి కొత్త ఫారం తెచ్చాడు. వంటింట్లోంచి వెంకటరత్నమ్మ కేకేసింది: “అన్నయ్యగారూ, కూరలో ఉప్పెక్కువైందా?”

“లేదమ్మా. ఉప్పు నా లెక్కలోనే తక్కువైంది.”

సోమవారం ఆఫీసులో వరప్రసాదం ఫారం అందుకుని మెల్లగా చదివాడు. ఒకచోట వేలు ఆగింది. సొరుగు లాగి నివేదిక బయటికి తీశాడు. పదకొండో పేజీ మూల మడిచి ఉంది. మాస్టారికి పెన్షన్ కాగితాలు గాల్లో ఎగిరిపోతున్నట్టనిపించింది.

“పది రోజుల్నుంచీ ఎదురుచూస్తున్నానండి,” అన్నాడు వరప్రసాదం గొంతు తగ్గించి. “ఈ అంకె లేకుండా మీ ఫారం వస్తే ఏం చెయ్యాలా అని. నాకు లెక్కలు చెప్పింది మీరు. నిద్ర పట్టలేదనుకోండి.”

“నీకూ పట్టలేదా?”

“మా అమ్మ హార్మోనియానికి నలభై తీసుకున్నారు. అదీ కలిసిందా?”

“మీ నాలుగు రూపాయలూ ఆ నాలుగొందల పన్నెండులోనే ఉన్నాయి నాయనా.”

వరప్రసాదం నవ్వు ఆపుకుంటూ ఫారం వెనక్కి తిప్పాడు. “మరి ఖర్చులు రాయలేదేంటండీ? తోలు, బంక, రైలు ఛార్జీలు? పన్ను మిగిలినదాని మీదండి, వచ్చినదంతటి మీదా కాదు.”

సంచి అడుగున కొట్టు చీటీలు నలిగి ఉన్నాయి. వరండా బల్ల మీద కూర్చుని ఇద్దరూ కూడితే, ఖర్చులు పోను మిగిలింది రెండువేల ఆరొందలు. దానికి పన్ను ఐదొందల ఇరవై. మాస్టారు అప్పటికప్పుడే బ్యాంకుకు నడిచి కట్టేశాడు. దారిలో సోడా తాగాడు. అంత చల్లటి సోడా ఈ మధ్య తాగలేదనుకున్నాడు.

సాయంత్రం అంతా విని పున్నారావు అరుగు మీద వేళ్ళతో లెక్క కట్టాడు.

“మిగిలింది రెండువేల ఆరొందలైతే దేవుడికి రావలసింది రెండొందల అరవయ్యే గదా. నువ్వు నూట యాభై రెండు ఎక్కువ కట్టావు. రీఫండ్ అడుగు.”

“మా ఆవిడ ముందే వెళ్ళింది గదండీ అక్కడికి,” అన్నాడు మాస్టారు. “ఈపాటికి అడిగే ఉంటుంది.”

ఇద్దరూ చాలాసేపు నవ్వారు. చీకటిపడ్డాక మాస్టారు కడిగిన గిన్నె వెంకటరత్నమ్మకు ఇచ్చి ఇంట్లోకి వచ్చాడు. దేవకుమారిది తేలిక నిద్ర. ఆ రోజుల అలవాటు చొప్పునే, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, ఒక్కసారే గడియ పెట్టాడు.