అద్దాల బీరువాలో గాజు గిన్నె

ఆమె ఆఫీసు మైక్రోవేవ్ తలుపు తీయగానే గుప్పుమని మాడు వాసన కొట్టింది. వెనకాల వరసలో నిలబడ్డవాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. లోపల ఆమె లంచి తెచ్చుకున్న పాత ప్లాస్టిక్ ఐస్‌క్రీం డబ్బా ఒక పక్కకి ఒరిగిపోయి, అలిగిన పిల్లలా మూతి ముడుచుకుని కూర్చుంది. అందులో కూర మీది నూనె మాత్రం హాయిగా కుతకుతలాడుతోంది.

"నువ్వేనా తల్లీ!" అంది పక్క సీటావిడ. గొంతు పెద్దది కనక ఆవిడని అందరూ మైకు అనే పిలుస్తారు. "మొన్ననేగా మా అందరికీ క్లాసు పీకావు! అడుగున గుర్తు చూడకుండా ప్లాస్టిక్ లోపల పెట్టొద్దు, గీతలు పడ్డవి పారేయండి, మూత బిగించొద్దు అంటూ. అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడ్డట్టుంది."

అందరూ నవ్వారు. ఆమెకీ నవ్వాగలేదు. "మా ఆయనకీ అమ్మాయికీ ఎప్పుడో గాజు డబ్బాలు కొనేశాను," అంది, సమర్థించుకుంటూ.

"మరి నీకో?"

ఆ మధ్యాహ్నం పని చేస్తున్నంతసేపూ ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. నిజమే, తనకో? తనకి కొనొద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికి వచ్చింది కనక? పెళ్లైన కొత్తలో చుట్టాలందరి ముందూ ఆయన, "మా ఆవిడకి ఏదైనా పర్లేదు, సర్దుకుపోతుంది" అని మురిసిపోయాడు. ఆ మెప్పు ఎంత తియ్యగా ఉందో! అప్పట్నుంచి మాడిన అడుగూ, కాలు ఊగే కుర్చీ, మిగిలిన డబ్బా అన్నీ తనే ముందుగా తనవైపు లాక్కుంటూ వచ్చింది. అత్తగారు మధ్యాహ్నానికి అన్నం పెట్టుకునే ప్లాస్టిక్ పెరుగు డబ్బాని కూడా మైక్రోవేవ్ దగ్గరికి రానివ్వలేదు. "నాకు చల్లన్నమే బాగుంటుందిలే" అని ఆవిడే గొడవ తేల్చేశారు. ఇంట్లో అద్దాల బీరువాలో మూతలున్న మంచి గాజు గిన్నెలు రెండున్నాయి. మైక్రోవేవ్‌లో పెట్టొచ్చన్న గుర్తు కూడా ఉంది వాటి అడుగున. అవి అతిథుల కోసం. వారం వారం దించి తుడిచేది మాత్రం తనే. ఆమెకి కోపం వచ్చింది. కొంత ఆయన మీద, అంతకంటే ఎక్కువ తన మీద.

మర్నాడు పొద్దున్నే స్టూలెక్కి ఒక గిన్నె దించింది. కడిగి, అన్నం, కూర పెట్టుకుంటుంటే భర్త తువ్వాలు భుజానేసుకుని వచ్చాడు.

"ఎవరైనా వస్తున్నారా?"

"లేదండీ. ఇది నా లంచికి."

"ఆఫీసుకా? పగిలితే? అయినా నీకు ఏదైనా పర్లేదుగా!"

"పర్లేదన్నది నేనే. ఇప్పుడు కాదంటున్నదీ నేనే," అంది నవ్వుతూ. పుస్తకాల సంచీ సర్దుకుంటున్న కూతురు కిసుక్కుమంది.

ఆయన సాయం కోసం తల్లి వైపు చూశాడు. అత్తగారు అప్పుడే మధ్యాహ్నానికి అన్నం పెట్టుకోవడానికి తన పెరుగు డబ్బా పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. కోడలి చేతిలో గిన్నె చూశారు. బీరువా వైపు చూశారు. ఇక గొడవ పేలుతుందనుకుంది ఆమె. గిన్నెని మరింత గట్టిగా పట్టుకుంది.

అత్తగారు పెరుగు డబ్బాని చెత్తబుట్టలో పడేశారు.

"అలా గుడ్లప్పగించి చూస్తావేంరా, స్టూలు పట్టుకో," అని కొడుకుని కసిరి, కోడలి వైపు తిరిగారు. "ఆ రెండోదీ దించమ్మా. నేనూ వేడన్నం తిని చాలా రోజులైంది."