అమ్మ చేతి కపొనాటా

వంకాయ ముక్కలకు ఉప్పు పట్టించి, చిల్లుల గిన్నెలో వేసి, నీరు ఓడ్చడానికి పైన బరువు పెట్టింది ఓర్నెల్లా. కళ్ళద్దాల దుకాణంలో వారమంతా నిలబడి పనిచేసే ఆమెకు శనివారం ఒక్కటే తీరిక. ఆ తీరికంతా వంకాయలు విడిగా, సెలరీ కాడలు విడిగా, ఉల్లిపాయలు విడిగా వేయించడంలోనే కరిగిపోయేది. అన్నీ ఒకేసారి బాణలిలో పడేస్తే గంటలో తేలిపోయే పనే. కానీ అప్పుడది పుల్లతీపి కపొనాటా కూర కాదు, వట్టి ముద్ద. సాయంత్రం మామగారు ఇంట్లో లేని వేళ చూసి ఆ గిన్నెలన్నీ మోసుకుని రగూసా ఊరి కింది పేటలో ఉన్న అత్తగారింటికి వెళ్ళాలి. అత్తగారు ఇమ్మకొలాతా వాటిని తన పళ్ళేల్లోకి మార్చి బల్ల మీద పెడుతుంది. అందరూ "అమ్మ చేతి కపొనాటా!" అంటూ చేతులు చాస్తారు. పెళ్ళయిన మొదటి ఏడాది మామగారు అలా మెచ్చుకుంటే ఓర్నెల్లా నోరు తెరవబోయింది. బల్ల కింద భర్త నున్సియో ఆమె చెయ్యి నొక్కాడు. "పోనీలే, పెద్దావిడ. సంతోషపడనీ" అన్నాడు ఇంటికొచ్చాక. ఆ పోనీలే పంతొమ్మిదేళ్ళు సాగింది. తను వండినదాన్నే తనకు వడ్డించి "ఎలా ఉందే?" అని అత్తగారు అడిగితే, "బాగుంది అత్తయ్యా" అనడం కూడా అలవాటైపోయింది.

ఆ శనివారం మరిది సవేరియో తను పెళ్ళాడబోయే జినేవ్రాను తీసుకొచ్చాడు. ఉత్తరాదిన తోరీనో పిల్ల, ఈ వంట ఆమెకు కొత్త. కపొనాటా రెండుసార్లు వడ్డించుకుని, రొట్టెతో పళ్ళెం తుడిచి మరీ తింది.

"అత్తయ్యగారూ, చివర్లో నాలిక్కి ఏదో చేదు తగులుతోంది. తియ్యటి చేదు. ఏం వేశారు? రాసుకుంటాను" అంటూ చిన్న పుస్తకం తీసింది.

"అదా... వెనిగర్."

"అది పులుపు కదండీ! ఇది వేరే."

ఇమ్మకొలాతా చేతిలో గరిటె ఆగిపోయింది. ముఖం మెడ దాకా ఎర్రబడింది. గట్టెక్కించమన్నట్టు నున్సియో భార్యకు కళ్ళతో సైగ చేశాడు. "అత్తయ్య వేసేది ఫలానా" అనే వాక్యం ఓర్నెల్లా నాలుక చివరికి వచ్చేసింది కూడా. ఈ క్షణం కోసం ఎన్నోసార్లు మనసులో కసిగా ఎదురుచూసింది. తీరా వచ్చాక కసి లేదు. ఆ వాక్యాన్ని మాత్రం ఇక మోయలేననిపించింది.

"చాక్లెట్" అంది. "మా ఊరు మోదికాలో మా అమ్మ వేసేది. దించే ముందు కాస్త తురిమి వెయ్యాలి. ఇది నేను చేశాను. పుదీనా వేసిన ఆ గుమ్మడికాయ, కాల్చిన ఆ క్యాప్సికం కూడా నేనే. ఎప్పుడూ నేనే."

మామగారు కలొజెరో ఫోర్కు కింద పెట్టాడు. "అంటే ఇన్నాళ్ళూ నేనెవర్ని పొగిడినట్టు?"

"ఇప్పుడెందుకా గొడవ?" అన్నాడు నున్సియో.

"ఎందుకేంట్రా? నిజమేగా!" ఇమ్మకొలాతా గరిటె కింద పెట్టేసింది. "మోకాళ్ళు పట్టేశాయి. పొయ్యి దగ్గర నిలబడలేనని చెప్పడానికి సిగ్గేసింది. వండలేని అమ్మకి ఈ ఇంట్లో ఇంకేం మిగులుతుందీ అనిపించింది."

ఓర్నెల్లా అత్తగారి వైపు కొత్తగా చూసింది. తన పేరు దొంగిలించిందనుకుంటూ వచ్చిన మనిషికి వంట తప్ప వేరే పేరే లేదన్నమాట. తనకూ అదే మిగలబోతోందా?

జినేవ్రాకు అంతా వివరంగా చెప్పింది. ఏది ముందు, ఏది తర్వాత, ఎంతసేపు చల్లారాలి. ఆ పిల్ల రెండు పేజీలు నింపి, పైన "ఓర్నెల్లా" అని రాసుకుంది.

లేచేముందు ఓర్నెల్లా అంది: "వచ్చే శనివారం నేను వండను. సముద్రం దగ్గరికి వెళ్ళి కూర్చుంటాను."

"మరి భోజనం?" నున్సియో తెల్లబోయాడు.

"రెండు పేజీలున్నాయిగా. నువ్వూ, సవేరియో, మామయ్యా చూసి చెయ్యండి. రాత్రికి తినడానికి వస్తా."

ఇమ్మకొలాతా చేతిరుమాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నీ కారులో ఇంకో మనిషికి చోటుంటుందా?" అంది మెల్లగా.

"ముందు సీట్లో కూర్చోండి అత్తయ్యా. కాళ్ళు చాపుకోవచ్చు."