మంద కట్టిన చేను

పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చి ఇరవై రెండు రోజులైంది. మునిరామయ్య విరిగిన ఎడమకాలు తొడ నుంచి మడమ దాకా వెదురుబద్దల మధ్య బిగిసి ఉంది. పసరూ కోడిగుడ్డు సొనా ఎండి గుడ్డ అట్టలా గట్టిపడింది. లోపల దురద పుడితే పైన గోకినా అందదు. మొత్తం నలభై ఐదు రోజులు మంచం దిగొద్దని, దిగితే కాలు వంకరగా అతుకుతుందని కట్టు కట్టినాయన గట్టిగా చెప్పి పంపాడు.

మంచం వసారాలో ఉంది. ఎదురుగా అతని రెండెకరాల చేను. వేరుశనగ విత్తే రోజు ట్రాక్టరు తొట్టి మీంచి విత్తనాల మూట దించుతూ జారి పడ్డాడు. మనిషి పడ్డా విత్తడం ఆగలేదు, మొలక కూడా బాగా వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లు "యోగమున్నోడివి మామా, పండుకోనే సేద్యం సేస్తా ఉండావు" అని పరాచికాలాడి కాఫీ తాగి పోతున్నారు.

వాళ్లకు కనబడనిది అతనికి నాలుగు రోజులుగా కనబడుతోంది. సాళ్ల మధ్య ఇంకో పచ్చదనం ఉంది. చింతాకు మాదిరి సన్నటి ఆకు. అది చెల్లాచెదురుగా లేదు, చదరాలు చదరాలుగా ఉంది. ఒక్కో చదరం ఎండాకాలంలో ఒక్కో రాత్రి మేకలమంద పడుకున్న చోటు.

మంద కట్టించడం ఆ పక్క రైతులకు కొత్త కాదు. రాత్రికి చేలో తడికెలు నిలబెట్టి మేకల్ని లోపలికి తోలితే, తెల్లారేసరికి ఆ మేరకు పెంటికల ఎరువు పడుతుంది. మర్నాడు తడికెలు పక్కకు జరుపుతారు. మేకల కాపరి మోహనతో ఆరు రాత్రులకు మాట అయింది. అక్కడ మునిరామయ్య తెలివి పనిచేసింది. అడవిపందులు చేలో పడకుండా పదేళ్ల కింద చుట్టూ తానే పెంచిన సీమతుమ్మ కంచె అప్పటికి కాయలు విరగ్గాసి ఉంది. దోటితో ఆ కాయలు రాల్పి గంపలకొద్దీ మేకల ముందు పోశాడు. మేత తనది కాబట్టి ఇంకో నాలుగు రాత్రులు ఊరికే కట్టమన్నాడు. మోహన ఒప్పుకున్నాడు.

అతని భార్య పంకజాక్షి అప్పుడే అంది. "ఆ కాయ పెట్టబాకయ్యా. గింజ అరగదు."

"మేక కడుపంటే ఏమనుకున్న్యావే? ఇనుమేసినా బూడిదైతాది" అని మునిరామయ్య మోహన ఎదురుగానే నవ్వాడు.

బూడిద కాలేదు. పళ్ల కింద నలిగినవి నలగ్గా, మిగిలిన గింజలు కడుపులో నాని, పైపెంకు మెత్తబడి, ఎరువుతో సహా చేలో దిగాయి. చెట్టు నడవలేదు. అందుకే కాయలో తీపి పెట్టుకుని నాలుగు కాళ్లవాళ్లను కూలికి పిలుస్తుంది. మునిరామయ్య మధ్యలో మేస్త్రీ పని చేశాడు.

ఆ మధ్యాహ్నం ఆగలేక మోహనకు ఫోన్ చేశాడు.

"ఏమప్పా మోహనా, నీ మేకలు నా సేనంతా కంప ఏసిపోయినాయే!"

"నా మేకలు యాడినించి తెచ్చినాయినా? నీ సేలో తిన్న్యాయి, నీ సేలోనే పెట్టినాయి. ఒక్క గింజన్నా ఎత్తకపోలేదు."

"నువ్వన్నా సెప్పాల్సింది గదరా."

"వదిన సెప్పింది గదనా, నా ఎదురుగానే. నువ్వే మేక కడుపు గురించి మాకు పాఠం సెప్పినావు."

ఫోన్ దిండు కింద తోసేశాడు. కళ్లు మూసుకుంటే చేను ఇంకా దగ్గరగా కనబడింది.

సాయంత్రం పంకజాక్షి వచ్చి మంచం కోడు దగ్గర కూర్చుంది. "రేపు కలుపుకు నలుగురొస్తామన్న్యారు. దోకుడు పార్లు పదును పెట్టించినా."

తుమ్మను పారతో పైపైన దోకితే మెడ దగ్గర తెగుతుంది. తెగితే చావదు, ఒక తలకు రెండు తలలు పెడుతుంది. వేరు మాత్రం దిగుతూనే ఉంటుంది. పదేళ్లుగా కంచె నరుకుతున్న మునిరామయ్యకు అది తెలుసు.

"రేపొద్దు" అన్నాడు.

"ఏల?"

"వానొచ్చేటట్ల ఉండాది."

ఆమె తల ఎత్తి చూసింది. ఆకాశంలో పిడికెడు మబ్బు లేదు. లేచి చేలోకి పోయి, వంగి దేన్నో జాగ్రత్తగా పెరికి తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. పైన బెత్తెడు కాడ, కింద జానెడు వేరు.

"ఇదేందో సెప్పు."

"చింత అనుకుంటా. మేకలు యాడో చింతగింజలు మింగింటాయి."

"చింతకు ముల్లు యాడుందయ్యా?"

ఆకు మొదట్లో రెండు లేత ముళ్లు. అతను బొటనవేలితో వాటిని తడిమాడు. గుచ్చుకోలేదు, ఇంకా గుచ్చుకునే ఈడు రాలేదు.

"ఎన్నాళ్లుగా తెలుసు నీకు?"

"నాలుగు దినాలు."

"కాలు కట్టినారు గానీ నోరు కట్టలేదు గదా నీకు!"

ఆమె చేనువైపు చూస్తూ లెక్కలు వేసింది. ఒక్కొక్కటి చేత్తో పెరకాలంటే నలుగురికి పదిరోజులు. అన్ని రోజులు నేల తడి నిలవదు. నేల బిగిస్తే వేరు తెగుతుంది. ఈ కారు దాటితే గునపానికి కూడా లొంగదు. ఇంక ఉన్నది ఒకటే దారి. పూతకొచ్చే పైరుతో సహా దున్నేసి, వేళ్లు ఎండకు వేయడం.

"ఆ మాట నేను సెప్పను" అంది, అతను అడక్కముందే. "కాయ పోసింది నువ్వు."

అతను మొలకను దిండు పక్కన పెట్టాడు. "సమీర్‌ను ట్రాక్టరు తెమ్మను."

మర్నాడు పొద్దున్నే పుత్తూరు నుంచి సమీర్ వచ్చాడు. విత్తడానికి వచ్చిందీ అతనే. సంగతి విని ఇంజను ఆపేశాడు. "అన్నా, ఆ దినం తలకాయకు గూడా తగిలిందా? పూతకొచ్చే సేను దున్నమంటాండావు."

"దున్ను" అన్నాడు మునిరామయ్య.

"అక్కా, నువ్వన్నా సెప్పు."

"ఆయన సేను, ఆయన కంప. దున్నప్పా" అంది పంకజాక్షి.

దున్నాడు. వేరుశనగా తుమ్మా ఒకదాని మీద ఒకటి తిరగబడ్డాయి. పచ్చి వేరుశనగాకు వాసన వసారా దాకా వచ్చింది. మునిరామయ్య ముఖం తిప్పుకోబోయాడు. తిప్పుకున్నా అటువైపు గోడే, అంతకుమించి తిరగడానికి కాలు ఒప్పుకోదు. చూస్తూ పడుకున్నాడు.

అంచుకొచ్చేసరికి ట్రాక్టరు కంచెకు నాలుగు బారల దూరంలోనే మలుపు తిరిగింది. అన్ని వైపులా అంతే.

"గట్టు దాకా పోనీయప్పా!" అని అరిచాడు.

"పోనన్నా. కంపముల్లు దిగితే టైరు పాయె. పుత్తూర్లో కాలికి కట్టు కడతారు గానీ టైరుకు కట్టరు గదనా!"

సమీర్ వెళ్లిపోయాడు. చేను నడుమంతా ఎర్రటి దుక్కి. దాని చుట్టూ నాలుగు బారల పచ్చటి పట్టీ, అందులో వేరుశనగకు సమంగా తుమ్మ. ఆ వెనక కంచె. కంచెకు మళ్లీ పూత పట్టింది. దాన్ని పీకిస్తే పందులొస్తాయి. ఉంచితే కాయలు రాలతాయి.

పంకజాక్షి కలుపుకు వచ్చిన నలుగురికీ పార్లు వద్దని చెప్పి, గునపం భుజాన వేసుకుని అవతలి మూలకు నడిచింది. నేల తడి ఇంకా రెండు మూడు రోజులు. పట్టీ వసారా మెట్టు పక్క నుంచే మొదలవుతుంది.

మునిరామయ్య కుడికాలు కిందికి దించాడు. రెండు చేతులతో కట్టుకాలిని ఎత్తి, బియ్యం మూటను దించినట్టు నేలకు దించాడు. నొప్పికి కళ్లు తిరిగాయి. పిర్రల మీద జరుగుతూ, కాలిని వెనక లాక్కుంటూ, మెట్టు దిగాడు.

పంకజాక్షి అంత దూరం నుంచే చూసింది. "యాడికయ్యా?"

"ఈ మూల నాకందుతాది."

"కాలు వంకరగా అతికితే నన్ననబాక!"

"అననులే."

ఆమె ఒక క్షణం గునపం ఆపింది. "పెరికిండేది నేలమీద పెట్టబాక, మళ్లా నాటుకుంటాది. మెట్టుమీద ఏసుకో" అని, మళ్లీ వంగింది.

మొదటిది వేరుతో సహా వచ్చింది. రెండోది మెడ దగ్గర తెగింది. తెగిన వేరు కోసం వేళ్లతో తవ్వాడు, గోళ్ల కింద మన్ను దిగింది, వేరు ఇంకా కిందికే ఉంది. దాన్ని పట్టుకుని లాగేసరికి పక్కనే ఇంకో పది కనబడ్డాయి.

పొద్దు వాలేసరికి అతను మెట్టు నుంచి మూడు బారల దూరం పోయాడు. మెట్టు ఎక్కి మంచం చేరాలంటే ఇద్దరు పట్టుకోవాలి. పంకజాక్షీ కూలోళ్లూ కంచె వెంట ఎక్కడో మలుపు అవతల ఉన్నారు, గునపం చప్పుడు మాత్రం వినబడుతోంది. పిలవబోయి, ఊరుకున్నాడు. ఎడమచేతికి అందేంతలో ఇంకో నాలుగు ఉన్నాయి.