ఆగస్టులో గీజరు

“గీజరు ఏది పెట్టమంటారు మేడం? ట్యాంకుండే పెద్దదా, ట్యాంకు లేని చిన్నదా? ఏదైనా ఓనరే ఇస్తాడు. ఈపొద్దు చెప్తే రేపు బిగించేస్తా,” అన్నాడు గయాజ్. సగం టైల్స్ ఊడదీసిన వంటింట్లో చరిత పప్పు తాలింపు వేస్తోంది. గయాజ్ కడప మనిషి, ఇంటి ఓనరు తరఫున మరమ్మతులు చూస్తాడు. దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని ఆ పాత ఇంటికి ఇన్నాళ్ళకు కొత్త పైపులు వేస్తున్నారు. తుప్పుపట్టిన పాత గీజరును అప్పుడే కిందికి దించారు.

ఆగస్టులో గీజరేమిటని ఊళ్ళో చుట్టాలు నవ్వుతారు. దోహా వేసవి వాళ్ళకేం తెలుసు? మామూలు కుళాయి తిప్పితే మేడమీది ట్యాంకులో సలసల కాగిన నీళ్ళొస్తాయి. అందుకే మే నెలలోనే గీజరు స్విచ్చి ఆపేస్తారు. ఇంట్లో, ఏసీ చల్లదనంలో, గీజరులో రాత్రంతా నిలిచిన నీళ్ళే చల్లటి నీళ్ళు. అవి కావాలంటే ఎర్ర గుర్తున్న వేడినీళ్ళ కుళాయి తిప్పాలి. పాత గీజరులోవి మూడు స్నానాలకే సరి. ముందు భర్త రత్నాకర్, తర్వాత మరిది తిరుమల్, ఆ తర్వాత విజిట్ వీసా మీద వచ్చిన అత్త భూమవ్వ. చరిత వంతుకు వేసవిలో ఒళ్ళు కాలే నీళ్ళు, చలికాలంలో ఎముకలు కొరికే నీళ్ళు. ఏ కాలపు సుఖం ఆ కాలంలో ఆమె దాకా రాకముందే అయిపోయేది.

“మగోళ్ళు డ్యూటీకి పోవాలె, ముందుగాల వాళ్ళయి కానియ్యి బిడ్డా. పెండ్లయినకాడికెల్లి నేను గిట్లనే చేసిన,” అనేది భూమవ్వ. డ్యూటీ చరితకూ ఉంది, క్లినిక్కులో రిసెప్షన్. రాత్రే బకెట్ నింపి పెట్టుకుంటే తిరుమల్ వాటితో కాళ్ళు కడుక్కుని, “నీయని తెల్వలే వదినా,” అనేవాడు. “నువ్వెట్లా లాస్టే గద, నీకేం తొందర?” అనేవాడు రత్నాకర్. తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని, పౌడరు అద్దుకుని పరుగెత్తితే, ముందు కూర్చునేవాళ్ళు కాస్త ఫ్రెష్‌గా కనిపించాలని మేనేజరు అందరి ముందూ నవ్వుతూ అన్నాడు. ఆ రోజంతా ఆమె చేతులు ఒంటికి దగ్గరగా బిగించుకునే కూర్చుంది.

రత్నాకర్‌కు ఫోన్ చేసింది. “ట్యాంకు లేనిదే పెట్టమను. కరెంటు తక్కువ తింటది. పెద్దది సజ్జ మీదికెక్కితే నా కార్టన్లు ఏడ పెడ్తవ్?” అన్నాడు, అడగడమే తప్పయినట్టు.

టీవీ, మిక్సీ, ఏది కొన్నా దాని అట్టడబ్బా పారెయ్యడు రత్నాకర్. ఊరికి పోయేటప్పుడు కార్గోకు కావాలంటాడు. పాత టీవీ పాడై ఎప్పుడో పోయింది, దాని డబ్బా మాత్రం భద్రంగా ఉంది. చరితకు ఒళ్ళు మండింది. ఖాళీ డబ్బాలకున్న చోటు ఈ ఇంట్లో నాకు లేదా? పైగా ట్యాంకు లేకపోతే వేసవిలో చల్లటి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? ఇన్నేళ్ళూ హాయిగా ఎర్ర కుళాయి తిప్పుకున్న మనిషికి ఆ ఆలోచనే రాలేదు. చెప్పకుండా ఊరుకుందామనీ అనిపించింది. వీపు ఒక్కరోజు కాలితే తెలిసొస్తుంది. కానీ అందరితోపాటు తన వీపూ కాలుతుంది కదా అనుకుని నవ్వుకుంది.

“పెద్దదే పెట్టు గయాజ్. ముందు ఆ డబ్బాలన్నీ దింపి చెత్తకుండీల వేయించు.”

“సార్‌ను ఒక మాట అడిగి...”

“సార్‌కు నేను చెప్త.”

సాయంత్రం రత్నాకర్ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. “నన్నడగకుండ పారేపిస్తవా?”

“అడిగితే వద్దంటవని పారేపిచ్చిన,” అంది చరిత. అంత మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. ఆకాశమేమీ విరిగి పడలేదు. రత్నాకర్ కాసేపు సణిగి, అన్నం తిని పడుకున్నాడు.

గీజరు బిగించిన మర్నాడు పొద్దున, స్టవ్వు వెలిగించకుండానే చరిత తువ్వాలు భుజాన వేసుకుంది. ఈ పెద్ద ట్యాంకుతో చివర వెళ్ళినా నీళ్ళు చాలేవే. అయినా ముందే వెళ్ళి గడియ పెట్టుకుంది. మొదటి చెంబు నెత్తిన పడగానే నోరు తెరిచి “హమ్మయ్య” అంది. మెడ మీదా, వీపు మీదా, చంకల్లోనూ తీరిగ్గా పోసుకుంది. తలంటుకుంది. ఎవరికీ టిఫిన్ కట్టలేదన్న సంగతి గుర్తొచ్చి, ఇంకో బకెట్ పట్టుకుంది.

తిరుమల్ తలుపు బాదాడు. “వదినా, నాకు డ్యూటీ టైమైతుంది!”

“ఆగు. నేను పోసుకుంటున్న.”

అతని అడుగులు దూరమయ్యాయి. కాసేపటికి మరెవరో మెల్లగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

“ఎట్లున్నయ్ బిడ్డా నీళ్ళు?” భూమవ్వ గొంతు.

పెళ్ళయ్యాక చరితను ఈ మాట అడిగినవాళ్ళు లేరు. చరిత చెంబు కింద పెట్టింది.

“సల్లగున్నయ్ అత్తమ్మా. తువ్వాల తెచ్చుకో. నా తర్వాత నువ్వే.”