తనిఖీ రోజు పావడా

కొబ్బరి ధర పడిపోయి, బాగన్ దాతుక్ తోటలో పని లేక, సముద్రం దాటొచ్చిన తెలుగు కూలీల్లో సగం మందిని ఓడెక్కించి సొంత దేశానికి పంపేసిన ఏడు, పైడితల్లి అమ్మానాన్నలూ వెళ్లిపోయారు. కూతుర్ని మాత్రం మేనత్త నరసమ్మకు అప్పజెప్పారు.

"మనూర్లో బడి నేదమ్మా. ఇక్కడ అత్త సదివిస్తాది" అంది తల్లి.

అత్త మాట తప్పలేదు పాపం, బడి దాకా పంపింది. బడిలోకి కాదు, పక్క పాకలోకి. తల్లులు పనికెళ్తూ పసివాళ్లను వదిలే ఉయ్యాలల పాక అది. తడిక అవతల పిల్లలు పాఠం వల్లిస్తుంటే, ఇవతల పైడితల్లి ఉయ్యాలలూపేది.

ఒకనాడు పొద్దున్నే అత్త తల దువ్వి, తన కూతురి ఎర్ర పావడా కట్టి, బడిలో కూర్చోబెట్టింది. చేతికి పలకొచ్చింది. అమ్మ చెప్పింది నిజమైందని పిల్ల పొంగిపోయింది. తనిఖీకొచ్చిన తెల్లదొర ఏదో అడిగాడు. మాస్టరు తెలుగులో చెబితే, లేచి గట్టిగా తన పేరు చెప్పింది. దొర మెచ్చుకుని కారెక్కాడు.

కారు మలుపు తిరగకముందే, దొరకి చూపాల్సిన పిల్లల లెక్క సరిపోయిందంటూ మాస్టరు పలక లాక్కున్నాడు. "పావడా ఇప్పీయే, మాసిపోతాది. అక్కడ ఉయ్యాల్లో గుంటలు ఏడుస్తన్నారు" అంది అత్త.

మరుసటేడు దొర వచ్చే రోజు అత్త మళ్లీ దువ్వెన పట్టుకొచ్చింది. పైడితల్లి ఎర్ర పావడా కట్టించుకుంది. దొర తన దగ్గరికి రాగానే మాత్రం లేచి నిలబడింది.

"నాను బడి పిల్లని కాదు దొరా. ఉయ్యాలలూపుతాను. ఈ పావడా నాది కాదు."

ఏమంటోందని దొర మాస్టరు వైపు తిరిగాడు.

"ఇంకా బాగా చదువుకుంటానంటోంది" అన్నాడు మాస్టరు ఇంగ్లీషులో.

దొర నవ్వి పైడితల్లి తల నిమిరాడు.