మొదటి ఇరవై సెకన్లు

మా ఆయన కొండచరియలు ఎప్పుడు జారతాయో లెక్కకట్టే శాస్త్రవేత్త. ఏ సంగతైనా ముందు రుజువైనది చెప్పి, భయపడాల్సింది ఆఖర్న చెప్పడం ఆయన పద్ధతి. పెళ్లికి ముందు నాతో మాట్లాడినప్పుడు కూడా ఉద్యోగం, చదువు, ఎత్తు అన్నీ చెప్పి, గురక సంగతి లేచి వెళ్తూ చెప్పారు.

వాన పట్టి మూడు రోజులైంది. ఒంటిగంటన్నరకు టీవీ వాళ్లు వచ్చి, హాల్లో ఆరేసిన బట్టలు పక్కకు నెట్టి, ఆయన చేత నాలుగు నిమిషాలు మాట్లాడించుకుని వెళ్లారు. "ఇప్పటిదాకా కొండలో కదలిక లేదు" అని మొదలుపెట్టి, "వాన ఇంకో రెండు గంటలు పడితే కొండ కింది వీధి ఖాళీ చెయ్యాలి" అని ముగించారు. వంటింటి గుమ్మంలోంచి అంతా విన్నాను.

మూడు గంటల వార్తల్లో ఇరవై సెకన్లు వేశారు. మొదటి ఇరవై.

మా అక్క ఉండేది ఆ కింది వీధిలోనే. ఫోన్ చేశాను.

"చూశానే! నీలం చొక్కాలో మరిదిగారు ఎంత బాగున్నారో! వీధంతా మా ఇంట్లోనే కూర్చుని చూశాం. మూటలు కట్టుకున్నవాళ్లు కూడా విప్పేశారు."

"అక్కా, సగమే వేశారు. రెండో సగంలో పారిపొమ్మన్నారు."

"ఏది వెయ్యాలో టీవీ వాళ్లకి తెలీదేమిటే? చిన్నప్పుడూ ఇంతే, ఉరిమితే మంచం కింద దూరేదానివి."

"ఉండు, ఆయనకిస్తా."

ఆయన ఇంకో ఫోన్లో వార్తల ఎడిటరును బతిమాలుతున్నారు. "మీరన్నదే వేశాం కదండీ. మిగతాది ఆరింటికి చూద్దాం" అంటున్నాడతను. అంతకుముందే రేడియోకి చేస్తే, టీవీకి ఎదురు చెప్పాలంటే పైఅధికారి ఒప్పుకోవాలన్నారు వాళ్లు. పైఅధికారి భోజనానికి వెళ్లాడట. పోలీసులకు చేస్తే వాళ్లూ టీవీ చూశామన్నారు. అప్పటికి మూడూ ఇరవై. పది నిమిషాల్లో ఆయన చెప్పిన రెండు గంటలూ నిండుతాయి.

ఆయన నా ఫోన్ అందుకున్నారు. అలవాటు చావదు కదా, "వదినగారూ, ఒంటిగంటన్నర దాకా కదలిక లేదు..." అని మొదలుపెట్టారు.

"అదేగా నేనూ అంటున్నది! పొయ్యి మీద పాలున్నాయి, ఉంటా," అన్న అక్క గొంతు నా దాకా వినిపించింది.

మళ్లీ చేస్తే ఎంగేజ్. మరిదిగారు స్వయంగా చెప్పారని ఇరుగుపొరుగుకి చెబుతూ ఉంటుంది.

కింది వీధికి బస్సులో నలభై నిమిషాలు. అయినా ఆయన చెప్పులు వేసుకున్నారు.

"వెళ్లగానే ఏం చెప్పను?" అనడిగారు చిన్నపిల్లాడిలా.

"లేవమనండి. ముందు ఆ మాటే అనండి."

తల ఊపి, గొడుగు మరిచిపోయి వెళ్లారు. టీవీలో నీలం చొక్కా మళ్లీ వచ్చింది. కొండలో కదలిక లేదంటోంది.